భయానక కథ – కథనరచనా బోధన: రాయదుర్గం పరిసరాల నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
పాఠశాల స్థాయి తెలుగు తరగతిలో కథ రాయించే అభ్యాసం ఎక్కువగా నీతిబోధకు లోబడి సాగుతున్నది. కథనం అంటే తెలిసిన విషయాన్ని ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో నిర్ణయించుకోవడం. ఆ మెలకువను దెయ్యం కథ తక్కిన కథల కంటే సూటిగా నేర్పగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు అలంకారశాస్త్రంలోని భయానకరస చర్చనూ, తెలుగు వాక్యనిర్మాణంలోని కొన్ని విశేషాలనూ ఆధారం చేసుకుంటుంది. బాణామతి, చేతబడి నమ్మకాలు ప్రాణాలు తీస్తున్న సమాజంలో ఈ పద్ధతికి ఎదురయ్యే అభ్యంతరాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: భయానకరసం, స్వశబ్దవాచ్యత, కథనం, బేతాళ కథలు, కన్యాశుల్కం, రాయదుర్గం, రచనాబోధన.

ప్రవేశిక

తెలుగు వాచకాల్లో పాఠం చివరి అభ్యాసాలు అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు అనే శీర్షికల కింద కనిపిస్తాయి. వీటిలో రెండో శీర్షిక కింద అప్పుడప్పుడు "కథ రాయండి" అనే సూచన ఉంటుంది. కథ ఎలా రాయాలో చెప్పే వాక్యం దాని పక్కన అరుదు. అప్పుడు విద్యార్థి ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు. ముందుగా ఒక నీతిని ఎంచుకుంటాడు. దానికి సరిపడే ఇద్దరు మిత్రులనో, ఒక లోభినో, ఒక కుందేలునో తెచ్చుకుంటాడు. పది వాక్యాల్లో జరిగినదంతా వరుసగా చెప్పేసి, చివర నీతిని అండర్‌లైన్ చేస్తాడు. అది కథ కాదు, రాయని కథకు సంగ్రహం.

ఈ లోపానికి విద్యార్థిని నిందించి లాభం లేదు. నీతికథలో ముగింపు మొదటే తెలుసు కనుక దాచవలసినదేమీ ఉండదు. దాచవలసినది లేనప్పుడు చెప్పే క్రమానికి విలువ ఉండదు. దెయ్యం కథ సంగతి వేరు. "మా మేడ మీద దెయ్యం ఉంది, అది నన్ను భయపెట్టింది" అని మొదటి వాక్యంలోనే చెప్పేసిన పిల్లవాడి కథ అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆ సంగతి ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో గుర్తుచేయనక్కర లేదు, వింటున్న తోటి పిల్లల ముఖాలే చెబుతాయి. తన తప్పును వెంటనే పట్టిచ్చే ప్రక్రియ బోధనకు అనువైనది.

రాయదుర్గంలో దెయ్యానికి చోటెక్కడ?

సంప్రదాయ దెయ్యం కథకు స్థలాలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఊరి చివరి చింతచెట్టు, పాడుబడ్డ బావి, వల్లకాడు, చేను కాపలాకు వేసిన మంచె, దూరాన మిణుకుమనే కొరివిదెయ్యం. రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని రాయదుర్గం కూడా ఒకప్పుడు గుట్టలూ చెరువూ ఉన్న ఊరే. గోలకొండ కోటకు తాగునీరు ఇచ్చిందని పేరున్న దుర్గం చెరువు ఆ బండరాళ్ల మధ్య కంటపడకుండా ఉండేది. దానికి రహస్య సరస్సు అన్న పేరు రావడానికి అదే కారణం. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది. 2020 సెప్టెంబరులో చెరువు మీద తీగల వంతెన తెరుచుకుంది. ఇప్పుడు రాత్రిపూట అక్కడ చీకటి దొరకడమే కష్టం.

ఈ ప్రాంతపు బడుల్లో తెలుగు చదివే పిల్లల స్థితి కూడా ప్రత్యేకమైనది. తెలంగాణలో అన్ని పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. ఇతర బోర్డుల బడుల్లో చదివే తొమ్మిది, పది తరగతుల వారికి 'సింగిడి' స్థానంలో 'వెన్నెల' అనే సరళ వాచకాన్ని నిర్దేశిస్తూ 2025లో ప్రభుత్వం నిర్ణయం తీసుకున్నది. ఐటీ ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, ఇంట తెలుగు మాట్లాడినా బడిలో ఆంగ్లంలోనే ఆలోచించే పిల్లలు ఒకే బల్ల మీద కూర్చునే చోటు ఇది. వారికి చింతచెట్టు దెయ్యం తెలియదు. అక్టోబరు నెలాఖరులో గేటెడ్ కమ్యూనిటీల్లో గుమ్మడికాయలకు కళ్లూ ముక్కూ చెక్కే హాలోవీన్ తెలుసు. తెల్లగౌను దెయ్యమూ, సినిమాలో తనంతట తాను ఊగే కుర్చీ తెలుసు. కథ రాయమంటే ఆ కుర్చీనే తెలుగులో ఊపుతారు.

దీనికి చింతచెట్టును తిరిగి తీసుకురావడం విరుగుడు కాదు. చూడని చెట్టు గురించి రాయించడం అరువుకుర్చీ గురించి రాయించడం కంటే మేలేమీ కాదు. పిల్లవాడికి తెలిసిన భయస్థలాలు వేరు. ఎవరూ నొక్కని అంతస్తులో ఆగే లిఫ్టు, మనిషి అలికిడికి వెలిగే దీపం ఖాళీ వరండాలో వెలగడం, కొని తాళం వేసి ఏళ్లు గడిచిన పక్క ఫ్లాటు, నైట్‌షిఫ్టు ముగించుకుని అమ్మ ఎక్కిన క్యాబు ఫోనులో దారి తప్పినట్టు కనిపించడం. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భయానకానికి విభావాలుగా చెప్పిన వాటిలో వికృతమైన ధ్వనులు, నక్కల గుడ్లగూబల కూతలు, శూన్యగృహం, అరణ్యం ఉన్నాయి. నక్కలు పోయినా శూన్యగృహం పోలేదు. సెల్లార్‌లో మూడో మట్టం పార్కింగు కంటే గొప్ప శూన్యగృహం ఏ పల్లెలోనూ లేదు.

భయం అనే మాట లేకుండా భయం

భయానక కథ రాసే పిల్లల మొదటి చిత్తుప్రతి దాదాపు ఇలా ఉంటుందని ఊహించవచ్చు: "ఆ రాత్రి చాలా భయంకరంగా ఉంది. రాముకు చాలా భయం వేసింది. అంతలో భయంకరమైన ఆకారం కనిపించింది." మూడు వాక్యాల్లో భయం మూడుసార్లు వచ్చింది, కాని చదివేవాడికి ఒక్కసారీ కలగలేదు. మన ఆలంకారికులు ఈ జబ్బును ఎన్నడో పట్టుకున్నారు. రసాన్నీ స్థాయిభావాన్నీ వాటి పేర్లతోనే చెప్పేయడాన్ని మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాల్లో లెక్కించి స్వశబ్దవాచ్యత అన్నాడు. రసం వ్యంగ్యమే తప్ప వాచ్యం కాదన్న ఆనందవర్ధనుని సిద్ధాంతం దీనికి మూలం. చెప్పవద్దు, చూపించమని నేటి రచనాశిక్షణ తరగతుల్లో కొత్త సూత్రంలా వినిపించే మాటకు మన దగ్గర ఇంత పాత నెలవు ఉంది. అయినా తెలుగు పండితశిక్షణలో అది పరీక్షలో రాసే నిర్వచనంగానే మిగిలిపోయింది. పిల్లవాడి నోటుపుస్తకం మీద దాన్ని ప్రయోగించే అలవాటు ఏర్పడలేదు.

ప్రయోగిస్తే అభ్యాసం చాలా సులభం. "భయం" అనే మాటనూ దాని తోబుట్టువులనూ ఆ గంటకు నిషేధించాలి. విద్యార్థి చేతిలో రెండే సాధనాలు మిగులుతాయి. మొదటిది విభావం, అంటే కారణం: "లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. పద్దెనిమిదో అంతస్తు మీట అప్పటికే వెలుగుతున్నది." రెండోది అనుభావం, అంటే ఒంటి మీద కనబడే గుర్తు: "రాము తాళంచెవిని రెండుసార్లు జారవిడిచాడు." భరతుడు చేతులూ కాళ్లూ వణకడం, ముఖం రంగు మారడం, గొంతు పెగలకపోవడం వంటి వాటిని అనుభావాలుగా చెప్పాడు. పిల్లవాడు వాటిని తన ఒంటి మీదే వెతుక్కుంటాడు. వీరరసంతోనో కరుణతోనో ఈ పాఠం ఇంత తొందరగా తలకెక్కదు. చెరువంత దుఃఖం అనుభవించని పిల్లలుంటారు గాని, చీకటి గదిలోకి పోవడానికి వెనుకాడని పిల్లలుండరు.

"అట", "వచ్చింది": భాష చేసిన ఏర్పాట్లు

పై అభ్యాసం ఏ భాషలోనైనా చేయించవచ్చు. తెలుగులో దెయ్యం కథ రాయించడానికి మరొక బలమైన కారణం ఉంది. అనుమానాన్ని వాక్యంలోనే నిలిపి ఉంచే సౌకర్యాలు ఈ భాషకు పుష్కలంగా ఉన్నాయి. పాఠశాల వ్యాకరణం వాటిని వర్గీకరిస్తుంది, వాటి పనిని మాత్రం చూపదు.

మొదటి సౌకర్యం లింగవ్యవస్థ. మహతీవాచకాలు ఏకవచనంలో అమహద్వాచకాల వంటి క్రియనే తీసుకుంటాయి. 1858 నాటి బాలవ్యాకరణం నుంచి నేటి పదో తరగతి దాకా ఇది సూత్రంగా వల్లెవేయబడుతున్నది. కథకుడికి ఇది సూత్రం కాదు, ముసుగు. "తలుపు దగ్గర నిలబడింది" అన్న వాక్యంలో నిలబడినది అక్క కావచ్చు, పిల్లి కావచ్చు, మరొకటి కావచ్చు. కర్తను చెప్పకుండా వాక్యం పూర్తవుతుంది, క్రియాప్రత్యయం గుట్టు విప్పదు. ఆంగ్లంలో ఆలోచించే పిల్లవాడు అక్కడ మనిషో కాదో ముందే తేల్చుకోవాలి. హిందీ క్రియ ఆడదో మగదో పట్టిస్తుంది. తెలుగులో మగవాడు కాదని తప్ప మరేమీ తెలియదు. దెయ్యం స్త్రీయే కావాలన్న జనశ్రుతికి ఈ వ్యాకరణం ఎంత దోహదం చేసిందో వేరే ఆలోచించదగిన విషయం. అదే బహువచనంలోకి వెళ్లగానే ముసుగు జారిపోతుంది. "నిలబడ్డారు" అంటే మనుషులు, "నిలబడ్డాయి" అంటే కాదు. గౌరవవాచకం వాడినా అంతే. పెద్దలను "వచ్చారు" అనాలని నేర్చుకున్న పిల్లవాడు దెయ్యాన్ని కూడా "వచ్చారు" అంటే తరగతి నవ్వుతుంది. ఆ నవ్వులో వ్యాకరణం ఒంటబడుతుంది.

ఆంగ్లమాధ్యమపు తెలుగులో ప్రతి వాక్యానికీ "ఆమె", "అతను", "అది" అని సర్వనామం తగిలించే అలవాటు బలంగా కనిపిస్తుంది. తెలుగు వాక్యం కర్తను వదిలేసి నడవగలదని చెబితే ఆ పిల్లలకు అది మినహాయింపులా వినబడుతుంది. దెయ్యం కథలో మాత్రం సర్వనామం పెట్టిన చోటల్లా రహస్యం కారిపోతుంది. కర్తలోపం అందమైన సౌకర్యమని అప్పుడు తెలుస్తుంది.

రెండో సౌకర్యం "అట". ఇది ఇతరుల మాటను తెచ్చి పెట్టే చిన్న పదం. ఈ మూడు వాక్యాలను పక్కపక్కన పెడితే దాని బలం తెలుస్తుంది: "అమ్మమ్మ చూసింది." "అమ్మమ్మ చూసిందట." "అమ్మమ్మ చూశానంటుంది." మొదటిదానిలో కథకుడు హామీ ఇస్తున్నాడు. రెండోదానిలో హామీని మరొకరి మీదికి నెట్టేశాడు. మూడోదానిలో అమ్మమ్మను నమ్మడం లేదు, ఆ మాట పైకి అనలేదు. సంఘటన ఒకటే, కథలు మూడు. "కాబోలు", "ఏమో", "ఎవరో", "ఏదో", "ఉన్నట్టుంది" వంటి వాటిని కూడా కలుపుకుంటే ఎంత తెలుసో, ఎలా తెలిసిందో సూచించే మెట్లు ఎన్నో తేలుతాయి. పరీక్షా భాష వీటన్నిటినీ నేలమట్టం చేసింది. జవాబుపత్రంలో "అట" రాయడం తప్పు, అక్కడ అన్నీ నిశ్చయాలే. నోటితో కథ చెప్పేటప్పుడు ఇంత నిపుణంగా మెట్లెక్కి దిగే పిల్లలు కాగితం మీద మూగవాళ్లవుతున్నారంటే, భాష రాక కాదు, వచ్చిన భాషను బడి అనుమతించక.

బేతాళుడు, గవరయ్య, కాష్మోరా

దెయ్యం కథ అనగానే ఉపాధ్యాయులకు ముందుగా గుర్తొచ్చేది బేతాళుడు. సోమదేవుని కథాసరిత్సాగరంలో చోటు చేసుకున్న ఈ కథాచట్రాన్ని 'చందమామ' కొత్త కథలతో దశాబ్దాల పాటు నడిపింది. 1952 నుంచి 1980లో మరణించేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాద దృష్టి గల రచయిత. దెయ్యాన్ని నమ్మనివాడు దెయ్యం చేత కథలు చెప్పించడంలో వైరుధ్యం లేదని చూపడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. అయినా భయానక కథారచనకు బేతాళకథను నమూనాగా తీసుకోవడం పొరపాటే అవుతుంది. శ్మశానమూ శవమూ అక్కడ ద్వారబంధం మాత్రమే. లోపలి కథ ఎక్కువగా ధర్మసందేహం, ఎవరు గొప్ప త్యాగి, తప్పెవరిది అన్న తర్కం. బేతాళుడు ఏదీ దాచకుండా వరుసగా చెప్పి, చివర చిక్కుప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న బెదిరింపు వాదన నేర్పడానికి పనికొస్తుంది. కథనానికి గురువు అతడు కాడు.

అంతకంటే మంచి గురువు అనుకోని చోట దొరుకుతాడు. గురజాడ కన్యాశుల్కం మలికూర్పు 1909లో వెలువడింది. అందులో లుబ్ధావధాన్లు పెళ్లాడిన పిల్ల నిజానికి ఆడవేషం వేసిన కుర్రవాడు, కరటకశాస్త్రి శిష్యుడు మహేశం. పని ముగించుకుని అతడు మాయమవుతాడు. ఇంట్లో దెయ్యం తిరిగిందన్న కలవరం పుడుతుంది. దెయ్యాన్ని సీసాలో బిగించానంటూ గవరయ్య హడావిడి చేస్తాడు. లుబ్ధావధాన్లు వణికిపోతుంటే ప్రేక్షకుడు నవ్వాపుకోలేడు. వేషం సంగతి ప్రేక్షకుడికి తెలుసు, అతడికి తెలియదు. రెండు రసాలకూ మధ్య ఉన్నది ఆ ఒక్క ఎరుకే. మహేశం వేషం వేసే భాగాన్ని తీసేసి, లుబ్ధావధాన్లు గది నుంచి మాత్రమే సంఘటనలను చెబితే అదే ఇతివృత్తం నిలువునా భయానకమవుతుంది. ఈ ఒక్క అభ్యాసం, అంటే ఒకే సంఘటనను తెలిసినవాడి వైపు నుంచీ తెలియనివాడి వైపు నుంచీ రెండుసార్లు రాయించడం, దృష్టికోణం మీద ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రానిది నేర్పుతుంది.

మూడో నమూనా జనాదరణ పొందిన నవల. ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' మూఢనమ్మకాలను పెంచుతుందన్న విమర్శను మోసింది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. దాని నిర్మాణాన్ని మాత్రం తోసిపుచ్చలేము. క్షుద్రప్రయోగం, వైద్యం అనే రెండు వివరణలు పక్కపక్కనే పరుగెడుతుంటాయి. ఏది గెలుస్తుందో తెలియని సందిగ్ధమే పాఠకుడిని పట్టి ఉంచుతుంది. త్వెతాన్ తొదొరోవ్ 1970లో అద్భుతసాహిత్యం గురించి రాస్తూ ఆ సాహిత్యపు ప్రాణం సరిగ్గా ఈ ఊగిసలాటలోనే ఉందన్నాడు. మనవాళ్లకు పరిచితమైన రజ్జుసర్పభ్రాంతి కూడా ఇదే. తాడని తేలిపోయినా, పామని తేలిపోయినా కథ ముగిసినట్టే. తేలని ఆ క్షణాన్ని ఎన్ని వాక్యాల పాటు నిలపగలడన్నదే రచయితకు పరీక్ష.

బాణామతి అనే అభ్యంతరం

ఇంతవరకు చేసిన వాదనకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. అది సాహిత్యానిది కాదు. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన సంఘటనలు నేటికీ వార్తల్లోకి వస్తున్నాయి. పొరుగున మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేయవలసి వచ్చింది. చనిపోయేది సాధారణంగా ఊళ్లో బలం లేనివారు, ఒంటరి ముసలివారు, కింది కులాలవారు. ఇటువంటి చోట తరగతి గదిలో పిల్లల చేత దెయ్యాలను పుట్టించడం బాధ్యత గల పనేనా?

సినిమా, టీవీ చూస్తున్నారు కదా, ఇందులో కొత్తగా పోయేదేముంది అని ఈ ప్రశ్నను దాటవేయకూడదు. బాణామతి ఆరోపణ కూడా ఒక కథనమే. అది "అట"తోనే మొదలవుతుంది: ఫలానా ఆమె రాత్రి చెట్టు కింద కూర్చున్నదట, మరునాడు పిల్లవాడికి జ్వరం వచ్చిందట. ఊరు తిరిగేసరికి "అట" రాలిపోతుంది. కూర్చున్నది, అందుకే జ్వరం వచ్చింది. వదంతి నేరారోపణగా మారేది ఆ రెండక్షరాలు పోయిన చోటనే. "చూసింది"కీ "చూసిందట"కూ తేడా తెలిసి రాయగలిగిన విద్యార్థికి ఆ మార్పు కనబడే అవకాశమైనా ఉంటుంది. దెయ్యం లేదని పది వాక్యాలు చూచిరాత రాసిన విద్యార్థికి ఆ అవకాశం లేదు, అతడికి ఒక నిశ్చయానికి బదులు మరొక నిశ్చయం ఇచ్చారంతే.

అయితే ఈ సమాధానం అన్ని చోట్లకూ సరిపోదు. రాయదుర్గంలో దెయ్యం చాలామంది పిల్లలకు వినోదం. యాభై అరవై కిలోమీటర్ల అవతల అది పక్కింటి అవ్వ పేరు కావచ్చు. ఆ భవనాలు కట్టడానికి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఉంటారు, వారిలో ఎవరి ఇంట్లో ఏ గాయం ఉందో ఉపాధ్యాయుడికి తెలియకపోవచ్చు. కనుక ఈ అభ్యాసానికి ఒక హద్దు తప్పనిసరి: కథలోని దెయ్యానికి బతికి ఉన్న మనిషి పేరు గాని, గుర్తుపట్టగల ఇల్లు గాని, కులం గాని, వృత్తి గాని ఉండకూడదు. పట్టడం, విడిపించడం ఇతివృత్తం కాకూడదు. ఇది కళకు పెట్టిన సంకెల అని బాధపడనక్కరలేదు, పేరు లేని దెయ్యమే ఎక్కువ భయపెడుతుంది.

తలుపు మీద నాలుగు మాటలు

1990ల దశకంలో తెలుగునాట ఎన్నో ఊళ్లలో ఇళ్ల తలుపుల మీద, గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అన్న రాత కనిపించింది. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుందని, ఆ రాత చదివి వెనక్కి వెళ్లిపోతుందని, మరునాడు మళ్లీ వచ్చి మళ్లీ అదే చదువుతుందని నమ్మకం. కర్ణాటకలో ఇదే వదంతి "నాళె బా" అన్న రెండు మాటలతో తిరిగింది. తరువాత దీని మీద సినిమాలు కూడా వచ్చాయి. కథనరచనకు పాఠంగా చూస్తే తెలుగులో ఇంత చిన్న దెయ్యం కథ మరొకటి లేదు.

ఇందులో దెయ్యం లేదు, చావు లేదు, చీకటి లేదు. ఉన్నది సంబోధన, కాలం, క్రియ. మిగిలిన కథంతా చదివేవాడు కట్టుకోవాలి. ఈ దెయ్యానికి చదువు వచ్చు. మాట మీద గౌరవం ఉంది. నిన్న చదివినది గుర్తుండదు, లేదా గుర్తున్నా రేపు అన్న మాటను ప్రతి రాత్రీ కొత్తగా నమ్ముతుంది. రాసినవాడు ఆమెను దెయ్యమని పిలవడానికి జంకాడు. వాడుకలో ఎవరూ ఎవరినీ "ఓ స్త్రీ" అని పిలవరు, ఆ గ్రాంథిక సంబోధనలో వణుకు దాగి ఉంది. కన్నడ రాతలో సంబోధనే లేదు, అక్కడ వచ్చేది ఎవరో రాత చెప్పదు. రెండింటిలో ఏది ఎక్కువ భయపెడుతుంది, ఎందుకు అని అడిగితే ఇంట కన్నడమో హిందీయో మాట్లాడే పిల్లవాడు కూడా ఆ చర్చలో వెనుకబడడు.

ఇంకొక ప్రశ్న మిగిలింది. ఆ రాత రాసినవాడు తలుపుకు ఇవతల ఉన్నాడు. మన దెయ్యం కథల్లో చాలావరకు ఇవతలి నుంచే చెప్పబడ్డాయి. ప్రసవంలో పోయినామె, పెళ్లి కాకుండా పోయినామె, బావిలో దూకినామె అవతల ఉన్నారు. ఆమె ఎందుకు వచ్చింది, ఏ ఇంటికని వచ్చింది అన్నది ఎవరూ అడగలేదు, రేపు రమ్మన్నారు. విద్యార్థి మొదటి కథ ఇవతలి నుంచి రాస్తాడు, అది సహజం. రెండో కథ అవతలి నుంచి రాయించాలి. రాత్రి, ఒక ఇంటి ముందు నిలబడిన మనిషి. తలుపు మీద ఏదో రాసి ఉంది, చదువుతుంది. ఇరవయ్యో అంతస్తులో ఉండే పిల్లకు ఆ దృశ్యం మరీ కొత్తేమీ కాదు. తలుపుకు కెమెరా ఉంది. గంట మోగినప్పుడు తెర మీద కనిపించే ముఖం ఒక్కోసారి పార్సిల్ ఇచ్చి పోయే మనిషిది, ఒక్కోసారి కిందింట్లో పనిచేసే ఆమెది. తెలియని ముఖమైతే ఎవరూ తలుపు తీయరు. ఆ ముఖం వైపు నుంచి, కెమెరా గాజులోకి చూస్తూ, "భయం" అనే మాట వాడకుండా పది వాక్యాలు.